ఎల్‌డీఎల్ తగ్గాలంటే ఏ నూనె, ఏ గింజలు, ఏ చేప? లెక్కతో చెప్పగలరా

తీరం_వాసి

నాన్నగారికి 58 ఏళ్ళు. మొన్నటి రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 162, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) 210 వచ్చాయి. షుగర్ లేదు, బీపీ మామూలే. డాక్టరు గారు మందు రాసి, "సంతృప్త కొవ్వు తగ్గించి అసంతృప్త కొవ్వు ఉండే పదార్థాలు తినండి, 3 నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేద్దాం" అన్నారు. ఏవి తినాలో విడమరిచి చెప్పలేదు.

ఇంట్లో నలుగురం. నెలకు 5 లీటర్ల రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె, కిలో నెయ్యి, రోజుకు లీటరు ఫుల్ క్రీమ్ పాలు (పెరుగు, కాఫీ అన్నీ అందులోనే) అవుతాయి. వారంలో నాలుగు రోజులు టిఫిన్‌లోకి కొబ్బరి చట్నీ. చేపలు తింటాం, వారానికోసారి, ఎక్కువగా వేపుడే.

అడగదలచుకున్నవి ఇవి. ఆలివ్ నూనె, అవకాడో కొనక తప్పదా? పొద్దుతిరుగుడు మానేసి గానుగ పల్లీ నూనెకి మారితే కొలెస్ట్రాల్ తగ్గుతుందా? అవిసె గింజలు ఎంత, ఎలా తినాలి? చేపల్లో ఏవి మంచివి? "ఫలానాది మంచిది" అని కాకుండా గ్రాముల్లో చెబితే అమ్మకి వంటింట్లో అమలు చేయడం తేలికవుతుంది.

---

పథ్యం_పట్టిక

మీరు నెలవారీ కొలతలు ఇవ్వడం మంచిదయింది, లెక్క వేయొచ్చు.

ముందుగా ఒక మాట. అసంతృప్త కొవ్వు (నూనెల్లో, గింజల్లో, చేపల్లో ఎక్కువ) మేలు చేసేది సంతృప్త కొవ్వు (నెయ్యి, పాలు, కొబ్బరిలో ఎక్కువ) స్థానంలోకి వచ్చినప్పుడే. ఇప్పుడు తింటున్నదంతా అలాగే తింటూ పైన రోజూ గుప్పెడు బాదం, రెండు చెంచాల ఆలివ్ నూనె కలిపితే ఎల్‌డీఎల్ పెద్దగా కదలదు, బరువు మాత్రం పెరుగుతుంది. ఏ కొవ్వైనా గ్రాముకి 9 కేలరీలే. కాబట్టి "ఏం కొనాలి" కంటే "దేన్ని తీసి దేన్ని పెట్టాలి" అని అడగడం సరైన దారి.

రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు అందులో పదో వంతు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే సుమారు 22 గ్రాములు. మీ ఇంట్లో తలసరి ఎంత వస్తోందో చూద్దాం.

పాలు: తలకి పావు లీటరు. ఫుల్ క్రీమ్ పాలల్లో కొవ్వు 6 శాతం, అంటే 15 గ్రాములు. పాల కొవ్వులో మూడింట రెండొంతులకు కాస్త తక్కువ సంతృప్తం, కాబట్టి 9 నుంచి 10 గ్రాములు.

నెయ్యి: నెలకు కిలో అంటే తలకి రోజుకు 8 గ్రాములు, అందులో సంతృప్తం 5.

కొబ్బరి చట్నీ: మనిషికి పచ్చికొబ్బరి 25 గ్రాములు పడుతుందనుకుంటే 7 గ్రాములకు పైనే. వారానికి నాలుగు రోజులు కాబట్టి సగటున 4.

నూనె: 5 లీటర్లంటే 4.6 కిలోలు, తలకి రోజుకు 38 గ్రాములు. పొద్దుతిరుగుడులో సంతృప్తం 10, 11 శాతమే కనుక 4 గ్రాములు.

మొత్తం 22, 23. బిస్కెట్లు, పఫ్‌లు, మాంసం, స్వీట్లు, బయటి బజ్జీలు ఇంకా లెక్కలోకి రాకుండానే గీత దగ్గరికి వచ్చేశారు. ఇందులో పెద్ద వాటా పాల ప్యాకెట్‌ది, నూనె సీసాది కాదు. నూనె మారుద్దామని అందరూ సీసా వైపే చూస్తారు, రోజూ ఫ్రిజ్‌లోకి వెళ్ళే ప్యాకెట్ మీద కొవ్వు శాతం ఎవరూ చదవరు. పైగా ఇది సగటు. నాన్నగారు ముద్దపప్పులో, ఆవకాయ అన్నంలో నెయ్యి ధారాళంగా వేసుకునే మనిషైతే ఆయన వాటా ఇంకా ఎక్కువ. ఒక వారం ఆయన నెయ్యి విడిగా చిన్న గిన్నెలో పెట్టి తూకం చూడండి.

మార్చాల్సినవి:

ఫుల్ క్రీమ్ బదులు టోన్డ్ పాలు (3 శాతం). ఈ ఒక్క మార్పుతో పాల నుంచి వచ్చే సంతృప్తం సగానికి పడిపోతుంది. పెరుగు కాస్త పలచగా తోడుకుంటుంది. పాలు బాగా మరిగించి, గోరువెచ్చగా అయ్యాక తోడు వేస్తే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. మరిగించేటప్పుడు కట్టిన మీగడ తీసి నెయ్యి కాచి మళ్ళీ వడ్డిస్తే మాత్రం చేసిందంతా వృథా.

కొబ్బరి చట్నీ బదులు పల్లీ చట్నీ. 25 గ్రాముల పల్లీల్లో కొవ్వు 12 గ్రాములు. అసంతృప్తం రెండు రకాలు: అందులో ఏక అసంతృప్తం 6, బహుళ అసంతృప్తం 4, సంతృప్తం 2 లోపే. పల్లీలని నూనెలో వేయించొద్దు. దళసరి మూకుడులో సన్నసెగ మీద 8, 10 నిమిషాలు కలుపుతూ వేపితే చాలు. పోపుకి ఒక చిన్న చెంచా నూనె సరిపోతుంది. పల్లీలు ఏరేటప్పుడు ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బూజు పట్టినవి తీసి పారేయాలి. వాటిలో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పోదు.

నెయ్యి రోజుకి ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు. అది వేడన్నంలో మొదటి ముద్దకి వాడుకోమనండి, వాసన అక్కడే తెలుస్తుంది. ఉప్మాలో, పోపులో వేసిన నెయ్యి నాలుక్కి అందదు, లెక్కలోకి మాత్రం వస్తుంది.

నూనె తలకి 27 గ్రాములకి దించండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల పళ్ళెంలో నూనెకి ఇచ్చిన చోటు అంతే. నలుగురికి 30 రోజులకి 3240 గ్రాములు, అంటే సుమారు మూడున్నర లీటర్లు. నెల మొదట్లో అంతే కొని విడిగా పెట్టేస్తే రోజూ చెంచాలు లెక్కపెట్టే పని ఉండదు. ఇరవయ్యో తారీఖుకే అయిపోతే ఎక్కడ కారుతోందో అప్పుడు వెతకొచ్చు. సాధారణంగా అది వేపుళ్ళ దగ్గరే.

సాయంత్రం టీతో బిస్కెట్లు, మిక్స్చర్ తినే అలవాటుంటే ఆ స్థానంలో బాదం, పల్లీలు, అక్రోట్ కలిపి 25 గ్రాములు. ఉప్పు వేసి నూనెలో వేయించినవి వద్దు. జీడిపప్పూ మంచిదే కానీ 100 గ్రాములకి సంతృప్తం 8 గ్రాముల దాకా ఉంటుంది, బాదంలో 4 మాత్రమే. అందుకని జీడిపప్పు తక్కువ, బాదం ఎక్కువ.

ట్రైగ్లిజరైడ్స్ 210 ఉన్నాయి కాబట్టి అన్నం మోతాదు, పంచదార, మద్యం అలవాటుంటే అదీ చూసుకోవాలి. కొవ్వు రకం మార్చినంత మాత్రాన ఆ అంకె దిగదు.

---

గానుగ_గింజ

పైన పాల సంగతి బాగా చెప్పారు. నేను నూనెల గురించి మాత్రం రాస్తాను.

గానుగలో ఆడించినా ఫ్యాక్టరీలో రిఫైన్ చేసినా పల్లీ నూనె కొవ్వు అమరిక ఒకటే: ఏక అసంతృప్తం దాదాపు సగం, బహుళ అసంతృప్తం 30 శాతం పైచిలుకు, సంతృప్తం 17 నుంచి 20. కాబట్టి గానుగ నూనెకి మారినందువల్లే ఎల్‌డీఎల్ తగ్గుతుందన్నది నిజం కాదు. సంతృప్తం వరకే చూస్తే మీ పొద్దుతిరుగుడే తక్కువ. గానుగ నూనెలో రుచి, వాసన ఉంటాయి, విటమిన్ ఇ కొంత ఎక్కువ మిగులుతుంది. వాసన ఉన్న నూనె కాబట్టి తక్కువ వేసినా కూరకి రుచి పడుతుంది. వాడకం తగ్గించాలనుకునేవారికి అది నిజంగా పనికొచ్చే గుణం.

దాని ఇబ్బందులూ చెప్పాలి. రిఫైన్ చేసిన దానికంటే తొందరగా పొగ వస్తుంది, అందుకని గారెలకి, అప్పడాలకి సరిపడదు. అడుగున మడ్డి, కాస్త తేమ ఉంటాయి. మడ్డి కదిపితే నూనె త్వరగా పాడవుతుంది. రెండు రోజులు కదపకుండా ఉంచి పైతేట వేరే పొడి సీసాలోకి వంచుకోవాలి. స్టీలు డబ్బా గానీ ముదురు రంగు గాజు సీసా గానీ మంచిది. పొయ్యి పక్క గట్టు మీద పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో పెడితే వెలుతురు, వేడి రెండూ తగులుతాయి. ఒకేసారి 5 లీటర్లు ఆడించి పెట్టుకోకుండా నెలకు సరిపడా తెచ్చుకోండి. పాత పల్లీల వాసన, గొంతులో గరగర వస్తే అది పాడైనట్టే. మరిగిస్తే బాగుపడదు.

ఇక ఏ నూనె అన్నదానికి నా సమాధానం రెండు రకాలు పెట్టుకోమని. ఒక్క నూనెలో అన్నీ సమపాళ్ళలో ఉండవు. జాతీయ పోషకాహార సంస్థ కూడా నూనెలు మార్చి మార్చి వాడమనే చెబుతుంది.

పొద్దుతిరుగుడు, కుసుమ నూనెల్లో ఎక్కువ భాగం లినోలెయిక్ ఆమ్లం, అంటే బహుళ అసంతృప్తంలో ఒమేగా-6 అనే రకం. పొద్దుతిరుగుడులో 60 శాతం పైన, కుసుమలో 75 దాకా. ఎల్‌డీఎల్ దించడానికి ఇది మంచిదే. ఒమేగా-6 విషమన్నట్టు తిరిగే వీడియోలని నమ్మొద్దు. లోటు ఏమిటంటే బహుళ అసంతృప్తంలోనే ఇంకో రకమైన ఒమేగా-3 వీటిలో లేనట్టే. పల్లీ, నువ్వుల నూనెల్లోనూ అంతే. మన వంటింటి నూనెల్లో ఒమేగా-3 ఉన్నవి ఆవనూనె, సోయా నూనె. ఆవనూనె ఘాటు మనవాళ్ళకి పడదు, సోయాకి అంత వాసన లేదు. కాబట్టి కూరలకి, పోపులకి పల్లీ గానీ నువ్వుల నూనె గానీ, దోసెలు చపాతీలకి సోయా అని పంచుకుంటే సరిపోతుంది. తవుడు నూనె కూడా పల్లీ నూనె లాంటి అమరికే, ధర అందుబాటులో ఉంటే అదీ వాడొచ్చు.

నువ్వుల నూనెకి ఇంకో గుణం ఉంది. సెసమిన్, సెసమోలిన్ అనే సహజ పదార్థాలు, వాటినుంచి పుట్టే సెసమోల్ నూనెని చెడిపోకుండా కాపాడతాయి. ఆవకాయ ఏడాది నిలవడంలో ఉప్పు, కారం, ఆవపిండితో పాటు దాని వాటా కూడా ఉంది. అలాగని ఆవకాయ నూనె మంచి కొవ్వే కదా అని కలుపుకోవద్దు, ఉప్పు లెక్క వేరే ఉంటుంది. అరకు లోయలో చలికాలం మొదట్లో పచ్చగా విరగబూసే వలిసెల నూనె కూడా లినోలెయిక్ పుష్కలంగా ఉన్నదే. స్వచ్ఛమైనది దొరికితే వాడుకోవచ్చు.

ఆలివ్‌లో ఏక అసంతృప్తం 70 శాతం పైన, మంచి నూనె. కానీ అది మన పప్పు పోపుకి తప్పనిసరి కాదు. అవకాడో 100 గ్రాముల్లో కొవ్వు 15 గ్రాములు, ఏక అసంతృప్తం 10. అంత ఏక అసంతృప్తం 40 గ్రాముల పల్లీల్లో వస్తుంది. ఇష్టమైతే తినండి, అవసరమని మాత్రం కాదు.

సీసా మీద ముందువైపు "కొలెస్ట్రాల్ లేదు" అని ఉంటే దానికి విలువ ఇవ్వొద్దు. మొక్కల నూనెలో అది ఎలాగూ చెప్పుకోదగ్గంత ఉండదు. వెనక పట్టికలో సంతృప్త కొవ్వు 100 గ్రాములకి ఎంతో చూడండి. 20 లోపు ఉండాలి. 40 దగ్గర ఉంటే అది పామోలిన్. కొన్ని సీసాల మీద పల్లీ బొమ్మ ఉన్నా లోపల మిశ్రమ నూనె ఉంటుంది. ఏ నూనె ఎంత శాతమో లేబుల్ మీద రాసి ఉంటుంది, చదివి కొనండి.

వేపుడు నూనె సంగతి. బహుళ అసంతృప్తం ఎక్కువున్న నూనె మాటిమాటికీ కాగితే త్వరగా విరిగిపోతుంది. నురగ కట్టడం, జిగురు తేలడం, రంగు ముదరడం, మునుపటికంటే ముందే పొగ రావడం దానికి గుర్తులు. ఇరుకైన లోతు మూకుడు తీసుకుంటే తక్కువ నూనెతో పని జరుగుతుంది. సెగ 170 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. చిటికెడు పిండి వేస్తే అడుక్కి వెళ్ళి వెంటనే పైకి తేలితే కాగినట్టు. చల్లారాక మాడిన పిండి వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో పోపులకి అవగొట్టండి. పాతదానిలో కొత్తది పోసి మళ్ళీ బజ్జీలు వేయొద్దు, కొత్తదీ అంతే వేగంగా చెడుతుంది.

---

తీరం_వాసి

పథ్యం గారూ, గానుగ గారూ, చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. పాల లెక్క చూసి అమ్మ ఆశ్చర్యపోయింది. టోన్డ్ పాలు రేపటి నుంచే మొదలుపెడుతున్నాం. అవిసె గింజలు నేరుగా నీళ్ళతో మింగమని పక్కింటి పిన్నిగారు చెప్పారట, అది సరైనదేనా? చేపల సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

---

పొడుల_డబ్బా

గింజ గింజగా మింగితే లాభం లేదండీ. అవిసె గింజ పైపొర గట్టిది, నమలకుండా మింగితే అరక్కుండానే బయటికి పోతుంది. పొడి చేసుకోవాలి.

100 గ్రాముల అవిసెల్లో ఏఎల్ఏ అనే ఒమేగా-3 సుమారు 22 గ్రాములు. రోజుకి 7 గ్రాముల పొడి, అంటే పెద్ద చెంచాడు తింటే 1.6 గ్రాములు వస్తుంది. మగవారికి రోజుకి సరిపడేది దాదాపు అంతే. దీనిలోని జిగురు పీచు కూడా ఎల్‌డీఎల్ దించడానికి తోడ్పడుతుంది.

కారప్పొడిగా చేస్తే నాన్నగారు మందులా అనుకోకుండా తింటారు. అవిసెలు 100 గ్రాములు, ఎండుమిర్చి 10, ధనియాలు పెద్ద చెంచాడు, జీలకర్ర చిన్న చెంచాడు, వెల్లుల్లి 8 రెబ్బలు, చింతపండు చిన్న ఉసిరికాయంత, ఉప్పు ముప్పావు చెంచా. ముందు అవిసెల్ని నూనె లేకుండా సన్నసెగ మీద వేపాలి. రెండు నిమిషాలకి చిటపటలు మొదలవుతాయి. ఆ చప్పుడు జోరందుకుని తగ్గుముఖం పట్టగానే దించి వెంటనే పళ్ళెంలో పోయాలి. వేడి మూకుడులోనే వదిలేస్తే మాడి చేదెక్కుతాయి. పచ్చివాటిలో కొద్దిగా ఉండే సైనైడ్ సంబంధిత పదార్థాలు వేపడం వల్ల తగ్గుతాయి, అందుకే పచ్చి పొడి కంటే వేపిందే నయం. మిగతావి విడిగా వేపి, అన్నీ పూర్తిగా చల్లారాక ముందు మిర్చి, ధనియాలు, చింతపండు, ఉప్పు మెత్తగా తిప్పి, చివర్లో అవిసెలు, వెల్లుల్లి వేసి ఆపి ఆపి తిప్పాలి. ఒకే బిగిన తిప్పితే మిక్సీ వేడికి నూనె వదిలి ముద్దకడుతుంది.

ఈ పొడి 10 గ్రాముల్లో అవిసెలు ఇంచుమించు 7 గ్రాములుంటాయి, కాబట్టి రోజుకి పెద్ద చెంచాకి కాస్త గోపురంగా. ఇడ్లీలోకి నెయ్యి బదులు నువ్వుల నూనెతో తింటే బాగుంటుంది. వారం పది రోజులకి సరిపడా మాత్రమే కొట్టుకుని గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. పొడి అయ్యాక గాలి తగిలి త్వరగా చెడుతుంది, పెయింటు వాసన వస్తే పారేయాలి. వేపని గింజలు మాత్రం పొడి డబ్బాలో నెలల తరబడి నిలుస్తాయి.

మొదటి వారం అర చెంచాతో మొదలుపెట్టండి, లేకపోతే కడుపు ఉబ్బరిస్తుంది. నీళ్ళు బాగా తాగాలి. మాత్రలకి, దీనికి మధ్య గంటా రెండు గంటల తేడా ఉంచండి. అవిసె నూనె కొన్నా కాచొద్దు, వేడికి అసలు ఆగదు.

అక్రోట్ అయితే నాలుగు పూర్తి కాయల పప్పు, 16 గ్రాములు, 1.4 గ్రాముల ఏఎల్ఏ ఇస్తుంది. కొరికితే చేదుగా ఉంటే పాతవని అర్థం, దుకాణంలోనే ఒకటి రుచి చూసి కొనండి. ఆకుకూరల్లో గంగవాయిలి కూరలో కూడా ఇది కొంత ఉంటుంది. పప్పులో వండుకోవచ్చు, మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు మాత్రం ఆగాలి.

---

రేవు_చేప

ఒమేగా-3లో ఈపీఏ, డీహెచ్ఏ అని ఇంకో రెండు రకాలున్నాయి. అవిసెల్లో ఉన్న ఏఎల్ఏ శరీరంలో ఈపీఏగా మారేది కొద్దిగానే, డీహెచ్ఏగా అయితే మరీ తక్కువ. ఆ రెండూ నేరుగా దొరికేది చేపలోనే. మీరు చేపలు తినేవారే కాబట్టి ఆ దారి వదులుకోకండి.

కవళ్ళు (సార్డిన్), కానాగంతలు (మాకెరల్). విశాఖ, కాకినాడ వైపు చవగ్గా దొరికే ఈ రెండూ ఖరీదైన వంజరం కంటే ఈ విషయంలో మెరుగు. 100 గ్రాములకి ఈపీఏ, డీహెచ్ఏ కలిపి గ్రాము అటూ ఇటూగా ఉంటాయి. చేప కొవ్వు పట్టిన కాలాన్ని బట్టి మారుతుంది. చెరువు చేపలు బొచ్చె, శీలావతిలో మాంసకృత్తులు బాగున్నా ఈ కొవ్వు చాలా తక్కువ. పులస బాగా కొవ్వున్న చేపే, కానీ దాని ధర తెలిసిందే. వారానికి రెండుసార్లు, పూటకి ముల్లు తీసి 100 గ్రాములు చాలు.

వేపుడు మానండి. నూనెలో మునిగినప్పుడు చేప కొవ్వు కొంత నూనెలోకి పోయి, నూనె చేపలోకి వస్తుంది. పులుసు పెడితే కరిగిన కొవ్వు పులుసులోనే ఉంటుంది, అది అన్నంలో కలుపుకుంటాం. అరకిలో కానాగంతలకి రెండు పెద్ద చెంచాల నూనె, నిమ్మకాయంత చింతపండు. పులుసు బాగా మరిగి ఉల్లిపాయ ఉడికాక మాత్రమే ముక్కలు వేసి, 10, 12 నిమిషాలు ఉడికించాలి. గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలి, లేకపోతే ముక్క విరుగుతుంది. కొనేటప్పుడు మొప్ప ఎర్రగా ఉందా, పొట్ట గట్టిగా ఉందా చూడండి. కవళ్ళ పొట్ట పగిలి ఉంటే తీసుకోవద్దు. కొవ్వు చేపలు మిగతావాటికంటే త్వరగా చెడతాయి, మంచులో లేకపోతే గంటల్లోనే.

ఎండు చేపల్ని దీనికి ప్రత్యామ్నాయం అనుకోవద్దు. ఎండలో ఆరినప్పుడు ఆ కొవ్వు గాలికి చెడి తుప్పు రంగులోకి మారుతుంది, పైగా ఉప్పు.

చేప నూనె గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) అడుగుతారేమో. 1000 మిల్లీగ్రాములని రాసి ఉన్న మామూలు గొట్టంలో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 300 మాత్రమే. ఒక పూట కవళ్ళ పులుసుకి మూడు నాలుగు గొట్టాలు సమానం. రక్తం పలచబడే మందులు వాడేవారైతే డాక్టరుని అడక్కుండా అవి మొదలుపెట్టకూడదు.

---

పథ్యం_పట్టిక

ఒక చేర్పు. తిండి మార్చాం కదా అని డాక్టరు గారు రాసిన మందు ఆపొద్దు. కొవ్వు రకం మార్పు ఫలితం 6 నుంచి 12 వారాల్లో రిపోర్టులో కనిపిస్తుంది, కాబట్టి ఆయన చెప్పిన 3 నెలల గడువు సరిగ్గా ఉంది. పరీక్ష అదే ల్యాబ్‌లో, 12 గంటలు ఏమీ తినకుండా చేయించండి. ముందురోజు విందు భోజనం, మద్యం ఉంటే ట్రైగ్లిజరైడ్స్ ఎగబాకి కనిపిస్తాయి. అప్పుడు ఈ నెలవారీ కొలతలు కూడా పక్కన రాసి ఇక్కడ పెట్టండి: పాలు ఏ రకం, నెయ్యి ఎంత, నూనె ఎన్ని లీటర్లు. అంకె దిగకపోతే ఎక్కడ చూడాలో దాన్నిబట్టి చెప్పొచ్చు.